క్యాపిలరీ వాల్వ్ కొత్త చిప్‌లో లీక్ అవుతోంది, మూడో రోజు ఆగుతోంది, ఎందుకని?

మీరు అడిగింది ఇదీ కదా: పీడీఎంఎస్‌లో (పారదర్శకమైన సిలికోన్ రబ్బరు) 100 మైక్రాన్ల వెడల్పు, 50 మైక్రాన్ల లోతుతో ఛానెల్ చేసి, ప్లాస్మా (ఉపరితలాన్ని నీళ్లంటేలా చేసే అయాన్ల వాయువు) కొట్టి గాజు స్లైడ్‌కి అతికించారు. పంప్ లేకుండా రెండు రీఏజెంట్లు (టెస్ట్‌కి వాడే ద్రవాలు) ఒకదాని తర్వాత ఒకటి వెళ్లాలి, అందుకని మధ్యలో ఛానెల్‌ని ఒక్కసారిగా 300 మైక్రాన్లకి వెడల్పు చేసి అక్కడ ద్రవం ఆగుతుందనుకున్నారు, అదే మీ క్యాపిలరీ వాల్వ్. కొత్త చిప్‌లో అసలు ఆగట్లేదు. రెండు మూడు రోజులు పక్కన పడేసిన చిప్‌లో ఆగుతోంది గానీ ఛానెల్ నిండటానికే మొరాయిస్తోంది. ట్వీన్ 20 (సబ్బులాంటి పదార్థం) కలిపిన బఫర్ పోస్తే కొత్తదైనా పాతదైనా ఆగట్లేదు. చివర్లో ప్లాస్మా ఎన్ని సెకన్లు పెట్టాలి అని అడిగారు.

ప్లాస్మా సెకన్లతో తేలే విషయం కాదండీ ఇది. మీరు చెప్పిన మూడు లక్షణాలూ ఒకే చోట నుంచి వస్తున్నాయి, ఆ చోటు మీ కింద గాజు. ఛానెల్‌కి నాలుగు గోడలు ఉంటాయి, మాస్క్ గీసేటప్పుడు మనకి స్క్రీన్ మీద కనపడేవి రెండు పక్క గోడలే, అందుకని వాల్వ్ అంటే ఆ రెండు గోడలు పక్కకి విచ్చుకోవడమే అనుకుంటాం. ద్రవానికి మాత్రం పైకప్పు, నేల కూడా గోడలే, పైగా మీ ఛానెల్ లోతు వెడల్పులో సగమే కాబట్టి ఆ రెండింటి బలమే ఎక్కువ.

లెక్క పెద్దదేం కాదు, కాగితం మీద రెండు నిమిషాల పని. యంగ్, లాప్లాస్ అని 1805 ప్రాంతం నాటి ఇద్దరి పేరుతో ఉన్న సూత్రమే, దీర్ఘచతురస్రం ఛానెల్‌కి ఇలా రాసుకోవచ్చు: పైగోడ, కిందగోడ కాంటాక్ట్ యాంగిల్స్ (ద్రవం గోడని తాకే కోణాలు, తక్కువైతే గోడ బాగా తడుస్తుంది) కొసైన్లు కూడి లోతుతో భాగించండి, రెండు పక్క గోడల కొసైన్లు కూడి వెడల్పుతో భాగించండి, వచ్చిన రెండూ కలిపి సర్ఫేస్ టెన్షన్‌తో (ద్రవం ఉపరితలం బిగువు) గుణించండి. ప్లస్ వస్తే ద్రవం దానంతటదే ముందుకి లాక్కుంటుంది, మైనస్ వస్తే మనం వెనక నుంచి అంత తోస్తే తప్ప కదలదు. అంతే, క్యాపిలరీ వాల్వ్ థియరీలో ముప్పావు వంతు ఇదే.

ఇంక అంచు సంగతి. గ్లాసు నిండా నీళ్లు పోసి ఇంకో చెంచా జాగ్రత్తగా పోస్తే నీళ్లు అంచు మీద ఉబ్బి నిలబడతాయి గానీ కారవు, ఎందుకంటే అంచు దాటి బయట గోడ మీదకి దిగాలంటే నీటి ఉపరితలం ఇంకా ఎక్కువ కోణం తిరగాలి. ఛానెల్‌లో కూడా గోడ 90 డిగ్రీలు పక్కకి తిరిగిపోతే ద్రవం ఆ గోడ మీద ముందుకెళ్లాలంటే అసలు కాంటాక్ట్ యాంగిల్‌కి ఆ 90 కలిపినంత కోణం రావాలి, మొత్తం 180 దాటితే 180 అనుకోండి. 30 డిగ్రీల గోడ అంచు దగ్గర 120 డిగ్రీల గోడలా ప్రవర్తిస్తుంది, కొసైన్ మైనస్‌లోకి పోతుంది, వాల్వ్ ఆపేది దీనివల్లే. కానీ ఇది తిరిగిన గోడకే, తిరగని గోడకి అంచే లేదు, అది ఎప్పట్లాగే లాగుతూనే ఉంటుంది.

ఇప్పుడు మీ చిప్ అంకెలు పెట్టి చూడండి. నీటి సర్ఫేస్ టెన్షన్ 72 మిల్లీన్యూటన్ పర్ మీటర్ తీసుకుందాం. ప్లాస్మా తర్వాత పీడీఎంఎస్ 30 డిగ్రీలు, గాజు 30 డిగ్రీలు అనుకుందాం. మామూలు ఛానెల్‌లో లాగుడు సుమారు 3,700 పాస్కల్, అంటే 37 సెంటీమీటర్ల నీటి ఎత్తుకి సమానం, అందుకే కొత్త చిప్ రయ్యిన నిండిపోతుంది. వెడల్పయ్యే చోట పక్క గోడలు 120 అయ్యాయి, అవి ఆపుతాయి, కానీ పైకప్పు, గాజు రెండూ ఇంకా 30లోనే ఉన్నాయి. కూడితే ఇంకా ప్లస్ 1,770 పాస్కల్! అంటే మీరు వాల్వ్ అని గీసిన చోట కూడా ద్రవాన్ని చిప్ ముందుకే లాగుతోంది, కాస్త తక్కువ బలంతో, అంతే. అది లీక్ అవ్వట్లేదండీ, అక్కడ వాల్వే లేదు.

మూడో రోజుకి వద్దాం. పీడీఎంఎస్ ప్లాస్మా కొట్టాక అలాగే ఉండదు, లోపల ఉన్న చిన్న చిన్న సిలికోన్ గొలుసులు మెల్లగా పైకి వచ్చి మళ్లీ నీళ్లంటని ఉపరితలం తయారవుతుంది, గంటల నుంచి రోజుల్లో జరిగిపోతుంది, గాలిలో పెడితే తొందరగా, నీళ్లలో ముంచి పెడితే ఆలస్యంగా. అది 100 డిగ్రీలకి వెళ్లిందనుకుంటే, గాజు మాత్రం 30లోనే ఉందనుకుంటే, మామూలు ఛానెల్‌లో లాగుడు 3,700 నుంచి 750 పాస్కల్‌కి పడిపోయింది, మొరాయించడం అందుకే. వాల్వ్ దగ్గర పక్క గోడలు 190, అంటే 180, పైకప్పు 100, కూడితే మైనస్ 440, ఆగింది! మీ చిప్ పాతబడి బాగుపడింది అనుకున్నారు గానీ నిజానికి పైకప్పు పాడవ్వడం వల్ల వాల్వ్ పుట్టింది. ఇంకో రెండు రోజులు ఆగితే 110కి వెళ్లి లాగుడు 260 పాస్కల్‌కి దిగుతుంది, చిన్న దుమ్ము, చిన్న గరుకు ఉన్నా నిండదు.

ట్వీన్ 20 సంగతి కూడా ఇందులోనే ఉంది. అది సర్ఫేస్ టెన్షన్‌ని సగానికి దించుతుంది, 35 అనుకోండి, దాంతోపాటు పీడీఎంఎస్ మీద కోణాన్ని కూడా దించుతుంది, 70 అనుకుందాం, గాజు మీద 10. పెట్టి చూస్తే వాల్వ్ దగ్గర ప్లస్ 270 పాస్కల్, మళ్లీ లాగుడే. చాలామంది సర్ఫేస్ టెన్షన్ తగ్గింది కాబట్టి వాల్వ్ బలహీనపడింది అంటారు, ఆ ఒక్కటే అయితే మైనస్ 440 కాస్తా మైనస్ 215 అయ్యేది, అంటే ఆగేదే. కోణం మారి గుర్తు తిరగబడటమే అసలు దెబ్బ. కాబట్టి నీళ్లతో టెస్ట్ చేసి వాల్వ్ పనిచేస్తోంది అని ఎవరన్నా చూపిస్తే నమ్మకండి, అసలు వాడబోయే బఫర్‌తో చూపించమనండి. రంగు కోసం ఫుడ్ కలర్ కలిపేవాళ్లు కూడా చూసుకోండి, సీసాల్లో దొరికే లిక్విడ్ కలర్స్‌లో గ్లైకాల్ లాంటివి కలిపి ఉంటాయి, పొడి రంగు కొద్దిగా వేసుకోవడం మేలు.

సరే, మందు ఏంటి? తిరగని గోడ ఒక్కటే మిగలాలి, ఆ ఒక్కటీ నీళ్లంటనిది కావాలి. అంటే వాల్వ్ దగ్గర వెడల్పుతో పాటు లోతు కూడా ఒక్కసారిగా పెరగాలి, ఛానెల్ 50 అయితే అవతల 150, 200 అలా, అప్పుడు మూడు గోడలకి అంచు వస్తుంది. నాలుగోది మూత, దాన్ని ప్లాస్మా కొట్టని పీడీఎంఎస్‌తో వెయ్యండి. ఛానెళ్లున్న ముక్కకి మాత్రమే ప్లాస్మా కొట్టి, ఛానెళ్లు పైకి చూసేలా పెట్టి, చదునైన మామూలు పీడీఎంఎస్ షీట్ పైన వేసి వేలితో నొక్కితే దానంతటదే అంటుకుంటుంది. శాశ్వతంగా అతకదు, పీకితే వచ్చేస్తుంది, కానీ మన పని చిన్నచిన్న క్యాపిలరీ ప్రెషర్లతోనే, సిరంజి పంప్ పెట్టి తొయ్యట్లేదు కాబట్టి అది చాలు. పైగా చిప్ విప్పి కడిగి చూసుకోవచ్చు, నాకైతే డెవలప్‌మెంట్ దశలో అదే పెద్ద సుఖం.

దీనికి అంకెలు: మూడు గోడలు 30, మూత 110. మామూలు ఛానెల్‌లో లాగుడు 2,000 పాస్కల్, బాగా నిండుతుంది. వాల్వ్ దగ్గర మైనస్ 1,930 పాస్కల్. అంటే దాదాపు 20 సెంటీమీటర్ల నీటి ఎత్తు తోస్తే గానీ తెగదు. ఇదే చిప్‌కి మూతగా గాజు పెడితే అది 190కి పడిపోతుంది, పదో వంతు, ఒక్క మూత మార్చినందుకు.

ఇక్కడ లెక్కలో కనపడని ఇంకో సంగతి ఉంది, మూలలు. పై సూత్రం ద్రవం ముందు భాగం అంతా ఒకే ముఖంగా కదులుతుంది అనుకుని రాసింది. నిజంగా మైక్రోస్కోప్ కింద చూస్తే మంచిగా తడిసే ఛానెల్‌లో నాలుగు మూలల వెంట సన్నటి తీగల్లా ద్రవం ముందే పాకుతుంటుంది. దీన్ని గణితంగా తేల్చింది కాంకస్, ఫిన్ అనే ఇద్దరు, 1969లో, అప్పట్లో వాళ్ల ఆసక్తి గురుత్వాకర్షణ లేని చోట ద్రవాలు ఎలా ఉంటాయని. మన 90 డిగ్రీల మూలకి దాని సారాంశం: మూలలో కలిసే రెండు గోడల కాంటాక్ట్ యాంగిల్స్ కలిపితే 90 కన్నా తక్కువ ఉంటే ద్రవం ఆ మూల వెంట ఆగకుండా పాకిపోతుంది, ఎంత దూరమైనా. రెండు గోడలూ 30 అయితే మొత్తం 60, పాకుతుంది. 30 గోడ, 110 మూత అయితే 140, పాకదు.

వాల్వ్ దగ్గర కింద మూలలు మెట్టు అంచుతో తెగిపోతాయి కాబట్టి అక్కడ పాకినా అంచు దాకా వచ్చి ఆగుతుంది, పై మూలలు మాత్రం మూతకి ఆనుకుని పక్క ఛానెల్ గోడ వెంట మలుపు తిరిగి వెళ్లిపోగలవు. మూత గాజైతే 190 పాస్కల్ మిగిలింది కదా అని ధైర్యంగా ఉంటారు, ఈ లోపు తీగ మలుపు తిరిగి అవతలికి చేరిపోతుంది, ప్రెషర్ లెక్కకి సంబంధమే ఉండదు దానికి. పీడీఎంఎస్ మూత వాడేది ప్రెషర్ కోసం ఎంతో మూలల కోసమూ అంతే. ట్వీన్ ఎక్కువైతే గోడలు 10, మూత 80 అయి మొత్తం సరిగ్గా 90 దగ్గరికి వస్తుంది, ప్రెషర్ కూడా 120 పాస్కల్ మాత్రమే మిగులుతుంది, అంటే ఆ డిజైన్ కూడా అంచున ఉన్నట్టే. బఫర్‌లో ట్వీన్ 0.05 శాతం అని ప్రోటోకాల్‌లో ఉంది కాబట్టి వెయ్యడం కాకుండా, ఆ అస్సేకి (టెస్ట్‌కి) ఎంత తక్కువతో సరిపోతుందో చూసి అంతే వెయ్యండి, లేదా ట్వీన్ ఉన్న బఫర్‌ని వాల్వ్ దగ్గర ఆపాల్సిన అవసరం లేని వరసలో పెట్టండి, అది ఇంకా తెలివైన పని.

ఇది నేను కనిపెట్టిందేం కాదు. ఒక ద్రవం వచ్చి ఆగి, రెండో ద్రవం వచ్చి దాన్ని తాకితే రెండూ కలిసి ముందుకెళ్లే ట్రిగ్గర్ వాల్వ్‌ని స్వీడన్‌లో కేటీహెచ్ యూనివర్సిటీ వాళ్లు 2004లో చూపించారు. జ్యూరిక్‌లో ఐబీఎం ల్యాబ్‌లో డెలమార్ష్ గ్రూప్ 2002 నుంచి ఇలా దానంతటదే నడిచే క్యాపిలరీ చిప్‌ల మీద పనిచేసింది, 2007లో క్యాపిలరీ పంపుల (ఛానెల్ చివర ద్రవాన్ని దానంతటదే పీల్చే భాగాలు) మీద, 2008లో వాల్వ్‌ల మీద విడిగా పేపర్లు వేశారు. అక్కడే మొదట పనిచేసిన యుంకర్ తర్వాత కెనడాలో మెక్‌గిల్‌కి వెళ్లి ఈ మెట్టు, పీడీఎంఎస్ మూత పద్ధతిని బాగా ముందుకి తీసుకెళ్లాడు, 2013 పేపర్‌లో వీటికి క్యాపిలరిక్స్ అని పేరు కూడా పెట్టారు. మీ పనికి ముందు ఆ 2013ది చదవండి.

ఇంక ఆపడం ఒక్కటే సరిపోదు మీకు, వరసలో ఖాళీ కూడా కావాలి. ఇక్కడ ఇంకో రకం వాల్వ్ వస్తుంది, రిటెన్షన్ వాల్వ్, ఛానెల్‌ని ఇరుకు చేస్తే లాగుడు ఎక్కువ కాబట్టి వెనక రిజర్వాయర్ ఖాళీ అయినా ఆ ఇరుకులో ద్రవం మిగిలిపోతుంది, గాలి లోపలికి రాదు. ప్రతి రీఏజెంట్ రిజర్వాయర్ చివర ఇలాంటి ఇరుకు ఒకటి పెట్టి, ఒక్కోటి ఒక్కో సైజులో చేస్తే, చివర ఉన్న క్యాపిలరీ పంప్ లాగుతున్నప్పుడు తక్కువ బలం ఉన్నది ముందు తెగుతుంది, దాని తర్వాతది తర్వాత, వరస దానంతటదే వస్తుంది. ఇక్కడ ఒక మెలిక: నిండేటప్పుడు పనిచేసేది అడ్వాన్సింగ్ యాంగిల్, ఖాళీ అయ్యేటప్పుడు పనిచేసేది రిసీడింగ్ యాంగిల్, రెండూ ఒకటి కాదు, రిసీడింగ్ చాలా తక్కువ ఉంటుంది. చుక్క పెట్టి ఫోన్‌తో ఫోటో తీసి కోణం కొలిచి అదే అన్ని చోట్లా వాడితే రిటెన్షన్ లెక్క తప్పుతుంది. చుక్కలోకి సన్న సూదితో ద్రవం ఎక్కిస్తూ ఒకసారి, వెనక్కి లాగుతూ ఒకసారి ఫోటో తియ్యండి, రెండు కోణాలూ వస్తాయి, ఖర్చేం లేదు.

ఈ ఇరుకుల వరసకి పరిమితి కూడా ఉంది. 50 మైక్రాన్ల కొలతలో 5 మైక్రాన్లు తేడా వచ్చిందంటే ప్రెషర్ పది శాతం మారినట్టే, కాబట్టి పక్కపక్క వాల్వ్‌ల బలాల మధ్య అంతకన్నా ఎక్కువ ఎడం ఉంచాలి, అలా ఎడం ఉంచుకుంటూ పోతే కొన్నింటి తర్వాత పంప్ బలం చాలదు. మెక్‌గిల్ వాళ్లే 2022లో నేచర్‌లో దీనికి అందమైన దారి చూపించారు, వాల్వ్ బలాల మీద ఆధారపడకుండా, ముందు రిజర్వాయర్ ఖాళీ అయినప్పుడే తర్వాతి దానికి గాలి దారి తెరుచుకునేలా కలిపారు, అంటే ముందుది పూర్తవ్వకుండా తర్వాతది మొదలవ్వడమే కుదరదు. అలా 300 రిజర్వాయర్ల దాకా వరసగా ఖాళీ చేయించారు, లాలాజలంలో కోవిడ్ యాంటీబాడీల టెస్ట్ కూడా చేసి చూపించారు. మీకు రెండే రీఏజెంట్లు కాబట్టి అంత అక్కర్లేదు, ఐదారు దాటితే మాత్రం ఇరుకుల వరస మీద టైమ్ పెట్టకుండా నేరుగా ఆ పద్ధతికి వెళ్లండి.

వేగం గురించి కూడా అడిగారు. మీ ఛానెల్ సెంటీమీటర్ పొడవుంటే 2,000 పాస్కల్‌కి నిమిషానికి 8-9 మైక్రోలీటర్లు వెళ్తుంది. నెమ్మది చెయ్యాలంటే పొడవు పెంచడం కన్నా లోతు తగ్గించడం చవక, నిరోధం లోతు ఘనంతో మారుతుంది, 25 మైక్రాన్లు చేస్తే ఆరు ఏడు రెట్లు నెమ్మదిస్తుంది. చివర్లో పంప్‌గా ఫిల్టర్ పేపర్ ముక్క పెట్టేవాళ్లు ఒకటి చూసుకోవాలి, పేపర్ రంధ్రాలు కొన్ని మైక్రాన్లే కాబట్టి దాని లాగుడు మీ రిటెన్షన్ వాల్వ్‌లన్నింటికన్నా ఎక్కువ ఉండి అన్నింటినీ పీల్చేసే ప్రమాదం ఉంది, మధ్యలో సన్నటి ఛానెల్ నిరోధంగా పెడితే వేగం తగ్గుతుంది గానీ ప్రెషర్ తగ్గదు, ఆ రెండూ కలిపేసుకోవద్దు.

తయారీలో ఎక్కడ దెబ్బ తింటారంటే అంచు పదును దగ్గర. ఎస్‌యూ-8 (వెలుతురుతో గట్టిపడే పాలిమర్) మోల్డ్‌తో రెండు లోతులు చెయ్యాలంటే రెండు పొరలు, రెండు మాస్కులు, అలైన్‌మెంట్, పని ఎక్కువే గానీ అంచు పదునుగా వస్తుంది. రెజిన్ ప్రింటర్‌తో మోల్డ్ చేస్తే ఎన్ని లోతులైనా ఒకేసారి వస్తాయి, అందుకే ఇప్పుడు అందరూ అటే వెళ్తున్నారు, అయితే రెజిన్‌ని యూవీలో, ఓవెన్‌లో బాగా క్యూర్ చెయ్యకపోతే దాని మీద పోసిన పీడీఎంఎస్ జిగటగా ఉండిపోతుంది, ఆ జిగట అంచుల్లోనే ముందు కనపడుతుంది. సీఓ2 లేజర్‌తో అక్రిలిక్ కోసేవాళ్లకి ఒక మాట: లేజర్ గాడి అడుగున వి ఆకారంలో వస్తుంది, ఆ మూల 90 కాదు, 40 డిగ్రీలనుకుంటే 70 డిగ్రీల కోణం దగ్గరే పాకడం మొదలవుతుంది, అక్రిలిక్ సరిగ్గా ఆ 70 చుట్టుపక్కలే ఉంటుంది. లేజర్ గాడిలో స్టాప్ వాల్వ్ నమ్మకంగా పనిచెయ్యదు అని నా అభిప్రాయం, ఎంత జాగ్రత్తగా కోసినా.

వాడేటప్పుడు పిపెట్ టిప్‌ని ఇన్‌లెట్ రంధ్రంలో గట్టిగా దూర్చి నొక్కకండి, అలా నొక్కితే కిలోపాస్కల్స్ సులువుగా వస్తాయి, 1,930 ఎక్కడికో పోతుంది. రంధ్రం పక్కన చుక్క వదిలితే చాలు, 2 మిల్లీమీటర్ల వ్యాసార్ధం చుక్క ఇచ్చేది 70 పాస్కల్ మాత్రమే, దానంతటదే లోపలికి పోతుంది. రెండో ద్రవం వచ్చి తాకే చోట మధ్యలో గాలి బుడగ ఇరుక్కుంటే వాల్వ్ ఎప్పటికీ తెరుచుకోదు, కాబట్టి రెండో ఛానెల్ ముందు నుంచి గాలి బయటికి పోయే వెంట్ ఉండాలి. సీరం లాంటివి వాడితే ఆగిన చోట ప్రోటీన్ మూతకి అంటుకుని మెల్లగా అది కూడా తడిసే గోడ అయిపోతుంది, నీరు ఆవిరై ఉప్పు గడ్డలు కూడా కడతాయి, అందుకని ఐదు నిమిషాలు ఆగింది కదా అని అరగంట ఆగుతుంది అనుకోవద్దు, మీ అస్సేకి కావాల్సినంత సేపు పెట్టి చూడండి.

సీడీలా గుండ్రంగా తిరిగే చిప్ మీద చేద్దామా అని కూడా అన్నారు. అదే 1,930 పాస్కల్ వాల్వ్, మధ్య నుంచి 2 నుంచి 3 సెంటీమీటర్ల దూరంలో ద్రవం ఉంటే దాదాపు 840 ఆర్‌పీఎం దగ్గర తెగుతుంది, వేగాన్ని బట్టి వరస మార్చుకోవచ్చు, బాగుంటుంది, కానీ మోటార్ కావాలి, మీరు పంపే వద్దంటున్నారు కదా. ఒకవేళ అస్సే నిజంగా సింపుల్ అయితే, రెండు కాళ్లున్న నైట్రోసెల్యులోజ్ (ద్రవం పీల్చే పేపర్ లాంటిది) స్ట్రిప్ కోసి, ఒక కాలు పొట్టిగా ఒకటి పొడుగ్గా పెడితే రెండు రీఏజెంట్లు ముందూ వెనకా వస్తాయి, వాషింగ్టన్ యూనివర్సిటీలో యాగర్ గ్రూప్ ఇలాంటివి చాలా చేసింది. పేపర్ కోసం చిప్ వదిలేయమని కాదు, కానీ గైడ్ అడిగితే సమాధానం ఉండాలి.

ముందు ఉన్న మోల్డ్‌తోనే ఒక చిప్‌కి ప్లాస్మా కొట్టని పీడీఎంఎస్ మూత వేసి చూడండి, లోతు మెట్టు లేకపోయినా తేడా కనపడుతుంది, లెక్క ప్రకారం కొత్త చిప్‌లోనే వాల్వ్ దగ్గర లాగుడు 1,770 నుంచి దాదాపు సున్నాకి, ప్లస్ 35కి దిగాలి, కాబట్టి ద్రవం అక్కడ తటపటాయించి మెల్లగా దాటుతుంది. అలా జరిగితే రెండు లోతుల మోల్డ్‌కి డబ్బు పెట్టండి. ఫ్లోరెసిన్ (వెలుతురులో మెరిసే రంగు) కొద్దిగా కలిపి వాల్వ్ మూలలు ఫోకస్ చేసి ఫోటో తీసి పెట్టండి, రెండో ఛానెల్ వెంట్ ఎక్కడ పెట్టారో కూడా అందులో కనపడేలా తియ్యండి, మిగతాది అది చూసి మాట్లాడదాం.